తప్పు జవాబు తుడవకండి

"నిన్న మీ డైరెక్టర్ ఫోన్ చేశాడు. నెలకి పదిరోజులు ఊళ్ళ బళ్ళన్నీ తిరగడం నీకు కుదురుతుందా అని అడిగాడు. కుదరదని చెప్పేశా" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

కూతురి అన్నం డబ్బాకి మూత పెడుతున్న ఆమె చెయ్యి ఆగింది. "నన్నడగొచ్చు కదా?"

"అడిగితే మాత్రం? అమ్మకి మందులెవరిస్తారు? పిల్లని బడికెవరు పంపుతారు?"

"వాడు నీ మంచికే చెప్పాడమ్మా, ఆ తిరుగుళ్ళు నీకెందుకు?" అంది అత్తగారు గదిలోంచి.

బస్సులో కూర్చున్నాక ఆమెకు ఒళ్ళు మండింది. పెళ్ళయి పదకొండేళ్ళు. పీహెచ్‌డీ కుదరదు, సెమినార్ కుదరదు అని తన తరఫున ఎవరెవరో చెప్పేశారు గానీ, తను ఒక్కసారీ ఆ మాట అనలేదు. ఆయన ఆఫీసు, ఆవిడ మందులు, పిల్ల పరీక్షలు, ఇంటికొచ్చే ఆడపడుచులు, ఇవన్నీ కుదిరేలా చేస్తున్నది మాత్రం తనే. ఇంతమందికి ఇన్ని కుదిర్చిన మనిషికి ఏం కుదరదో వీళ్ళకెలా తెలిసిపోతుందో!

బడి టీచర్లకు లెక్కలు, సైన్సు చెప్పడంలో శిక్షణనిచ్చే విశ్వవిద్యాలయ కేంద్రంలో ఆమెది ఎనిమిదేళ్ళ నౌకరీ. శిక్షణ పుస్తకం రాసింది ఆమె, అట్ట మీద పేరు డైరెక్టర్‌ది. పిల్లలు అలా ఎందుకన్నారో తేలేదాకా బోర్డు మీది తప్పు జవాబు తుడవకూడదన్న నియమం కూడా ఆమె పెట్టిందే. నలభై బళ్ళ కొత్త కోర్సు ఎవరు నడపాలో ఇవాళ కమిటీ తేలుస్తుంది. కమిటీ ముందు టీచర్లకు నమూనా పాఠం చెప్పే అవకాశం నిరుడు చేరిన జూనియర్‌కి పోయింది. ఆమెకు దక్కింది గుమ్మం దగ్గర బల్ల, సంతకాల పుస్తకం, టీ కూపన్లు.

పాఠం మధ్యలో ఒక టీచరమ్మ లేచింది. "ఒకటి బై రెండుకి ఒకటి బై మూడు కలిపితే మా పిల్లలు రెండు బై అయిదంటారు. ఎందుకంటారు సార్?"

"శ్రద్ధ లేక" అన్నాడు జూనియర్, బోర్డు మీద ఆ జవాబు రాసి, చటుక్కున తుడిచేసి.

ఆమె కూపన్లు బల్ల మీద పెట్టేసి నడిచింది. ఆ జవాబు మళ్ళీ రాసింది.

"పిల్ల రెండు బంతులు విసిరి ఒకటి బుట్టలో వేసింది. తర్వాత మూడు విసిరి ఒకటి వేసింది. అయిదింట్లో రెండు పడ్డాయి. ఆ పిల్ల లెక్క సరైనదే. కానీ మనమడిగింది వేరు. ఒకే కాగితంలో సగానికి ఇంకో మూడోవంతు చేర్చాం. చేర్చాక వచ్చేది రెండు బై అయిదై, సగం కంటే తక్కువవుతుందా? ఈ మాట పిల్లనే అడగండి, తనే దిద్దుకుంటుంది."

టీచర్లు గబగబా రాసుకున్నారు. కమిటీ పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఈ కోర్సు మీరెందుకు నడపడం లేదు?"

"వాళ్ళాయన కుదరదన్నారండీ" అన్నాడు డైరెక్టర్ చప్పున.

"అడిగింది ఆయన్ని, చెప్పింది ఆయన. నన్నెవరూ అడగలేదు మేడమ్" అంది ఆమె. "నాకు కుదురుతుంది. సోమవారం మొదటి బడికి బయల్దేరతాను."

డైరెక్టర్ నవ్వబోయాడు. "సరేనమ్మా, ఇంట్లో ఒకసారి కనుక్కుని..."

"కనుక్కునేదేం లేదు సార్. వెళ్ళి చెప్తాను, అంతే."