పెళ్లికొడుకు ముట్టుకోకూడని బస్సు

నన్ను మసిమొగమోడు అన్న మనిషి కూతుర్నే నేను పెళ్లి చేసుకున్నాను. ఎట్లా చేసుకున్నానో చెబుతాను. మధ్యలో ప్రశ్నలు వేయకండి, నాకు కోపం వస్తుంది.

యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క పుట్టిన బొగ్గు బస్సులు 1951 నాటికి ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. నేను నడిపే బస్సు మాత్రం మొండిది. వెనక వేలాడే పెద్ద డ్రమ్ములో బొగ్గు రాజేసి, పక్కనున్న గాలిచక్రం చేత్తో తిప్పితే మంట అంటుకొని గ్యాసు పుడుతుంది. అది గొట్టాల గుండా ఇంజనుకు చేరుతుంది. దాన్ని నడిపేవాడి మొహం సాయంత్రానికి పెనం అడుగులా తయారవుతుంది.

బేతంచెర్ల దావీదురాజు బండల పాలిష్ పనిలో మేస్త్రీ. తల నుంచి కాలిదాకా తెల్లటి రాతిపొడి. ఆయన మా అమ్మ కృపమణికి తేల్చి చెప్పాడు.

"చెల్లెమ్మా, పిల్లోడు మంచోడే. అయితే పెళ్లినాడు మసిమొగంతో గుడి మెట్టెక్కినాడంటే మా రత్నమణిని ఇచ్చేది లేదు. నలుగురిలో నాకు పరువుండాది."

తలుపు వెనక రత్నమణి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విన్నాక నా బుర్ర పనిచేయడం మానేసింది. "సరే మామా" అనేశాను.

పెళ్లిరోజు తెల్లారకముందే ఆత్మకూరు నుంచి ముప్పైమందిమి నా బస్సులోనే బయలుదేరాం. స్టీరింగు దగ్గర మా లాజరు చిన్నాన్న కూర్చున్నాడు. నేను తెల్ల పంచె, తెల్ల చొక్కా, తెల్ల కండువాతో ముందు సీట్లో చేతులు కట్టుకొని కూర్చున్నాను. పెళ్లి జరిపించే చర్చి అయ్యగారు పదకొండు గంటల రైలుకు వెళ్లిపోతారు. మళ్లీ వచ్చేది మూడు నెలలకు. అన్నాళ్లు దావీదురాజు మనసు మారకుండా ఉంటుందా?

బేతంచెర్ల ఇంకా ఎనిమిది మైళ్లుందనగా, ఎత్తు ఎక్కుతూ బస్సు దగ్గింది. ఆయాసపడింది. ఇంజను తిరుగుతూనే ఉంది గానీ, ఒక్క అడుగు ముందుకు పోనంది. అప్పటికి తొమ్మిదిన్నర.

నేను ఒక్క దూకు దూకాను. మా అమ్మ నా చొక్కా పట్టుకొని లాగింది.

"దాన్ని ముట్టుకున్నావంటే కాళ్లిరగ్గొడతా లేవీ! పోయి ఆ బండమీద కూసో!"

కూర్చున్నాను. నా బస్సును ఊళ్లోవాళ్లంతా తలోచోట తడుముతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో మీకేం తెలుసు!

"గొట్టం యాడో వదులైంది చిన్నాన్నా!" అని అరిచాను. "బయటి గాలి చొరబడి గ్యాసు పలచనైతాంది. నురగ పూసి చూడు!"

అమ్మ మూటలో కుంకుడుకాయలున్నాయి. నీళ్లంటే కుండలో ఉన్న తాగేనీళ్లే. చుట్టుపక్కల బావి లేదు, వాగు ఎండిపోయింది. ఆ కాస్త నీళ్లలో కుంకుళ్లు పిసికి, కుండెడు నురగ చేశారు. చిన్నాన్న గొట్టాలన్నిటికీ పెళ్లిపిల్లకు నలుగు పెట్టినట్టు పూశాడు. ఒక్క బుడగ లేవలేదు.

"యాడా లేదు లేరా!"

"ఇంజను తిరుగుతాంటే బుడగ యాడొస్తాదయ్యా సామీ!" బండమీద లేచి ఎగిరాను. "అది లోపలికి పీలుస్తాది! ఇంజను ఆపు! గాలిచక్రం తిప్పు! అప్పుడు గ్యాసు బయటికి తోసుకోనొస్తాది! బీడీలార్పండి! ముక్కులు దూరంగా పెట్టుకోండి, ఆ గ్యాసుకు తల తిరుగుతాది!"

ఇంజను ఆపి చక్రం తిప్పారు. గ్యాసులోని మసిని వడపోసే డబ్బా దగ్గర, గొట్టం అతుకు మీద, బుడుంగుమని నిమ్మకాయంత బుడగ లేచింది. మా అమ్మ చప్పట్లు కొట్టింది. ముప్పైమందీ "ఈడుండాది! ఈడుండాది!" అని గంతులేశారు.

చక్రం ఆపించి, అతుకు విప్పించాను. లోపల పేరుకున్న మసి గుప్పుమని లేచింది. చుట్టూ వంగి చూస్తున్నవాళ్లంతా ఒక్కసారిగా నల్లబడ్డారు. కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనబడలేదు. ఒకర్నొకరు చూసుకొని పొట్టలు పట్టుకొని నవ్వారు. అతుకు బిగించి, సద్దిమూటలోని రాగిసంగటి మెత్తి, దానిమీద నా తెల్ల కండువా చింపి కట్టు కట్టారు. మొహాలు కడుక్కుందామంటే చుక్క నీళ్లు లేవు. కుండ ఖాళీ.

బస్సు కూత పెట్టిన రైలంత ఉషారుగా ఎత్తెక్కింది. గుడి ముందు ఆగేసరికి పదిన్నర. మెట్టుమీద దావీదురాజు నిలబడి ఉన్నాడు. బస్సులోంచి ఒకరి వెనక ఒకరు నల్లటి మనుషులు దిగుతుంటే ఆయన మొహం పాలిపోయింది. ఆఖరున నేను దిగాను, కొంగలాగా తెల్లగా.

"మాట నిలబెట్టుకున్న్యా మామా."

ఆయన నన్ను చూడలేదు. మా అమ్మను చూశాడు. "ఏంది చెల్లెమ్మా ఇది?"

"పిల్లోడు తెల్లగుండాలంటివి గదన్నా" అంది అమ్మ. "వానికి బదులు మేం ముట్టుకున్న్యాం."

ఆయన తల దించుకున్నాడు. నీళ్లు తెప్పించమని కేకేశాడు. అయ్యగారు గడియారం చూపించి అందర్నీ లోపలికి తోలారు. ఆ మొహాలతోనే మావాళ్లంతా బెంచీల మీద కూర్చున్నారు. ప్రమాణం చెబుతున్నంతసేపూ రత్నమణి భుజాలు నవ్వుతో ఊగుతూనే ఉన్నాయి.

పెళ్లయింది. రత్నమణి తిన్నగా మా అమ్మ దగ్గరికి పోయి గట్టిగా వాటేసుకుంది. బుగ్గ మీదా, తెల్లచీర మీదా మసి అంటింది. ఆమె వెనక్కి తిరిగి నన్ను కిందికీ మీదికీ చూసింది.

"అందరూ ఒక్కమాదిరుండారు. నువ్వొక్కనివే ఏంది, ఎవరో పరాయోని మాదిరి?"

అని తన బుగ్గమీది మసి వేలితో తీసి నా ముక్కుకు రాసింది. ఆ క్షణాన నాకు పెళ్లయిందనిపించింది.