పందుల పెట్టెలో పన్ను

తెల్ల పింగాణీ పళ్ళెంలో జల్లెడ పట్టిన కంకర దోసెడు పోసుకుని, కోడి ఈకతో ఒక్కో గింజనే తోస్తున్నాడు జల్లెడాయన. రాయి ఎడమకు, ఎముక కుడికి. ఎటూ తేలనిది వస్తే తీసి నాలుక చివర ఆనిస్తాడు. ఎముకైతే నాలుకను పట్టుకుంటుంది, రాయైతే జారిపోతుంది. ముప్పై ఒక్కేళ్ళుగా అదే కొలత. లక్షల ఏళ్ళ కిందటి గుర్రాలనూ జింకలనూ తాబేళ్ళనూ రుచి చూసిన నాలుక అది. అందుకే సాయంత్రం గుమ్మంలోనే నీళ్ళచెంబు చేతికిస్తుంది భార్య.

"ముందు పుక్కిలించు. ఏ దున్నపోతు తుంటి నాకి వచ్చావో ఏమో, ఆ నోటితో మనవరాల్ని ముద్దాడకు."

అరవై మూడేళ్ళ మనిషి. పళ్ళెం మీదికి వంగి వంగి మెడ కొక్కెంలా తిరిగింది. వేళ్ళు మాత్రం బియ్యంలో రాళ్ళేరే వేళ్ళలా ఇంకా చురుగ్గానే ఉన్నాయి. చెవి వెనక ఎప్పుడూ ఒక చీపురుపుల్ల. పైదవడలో కుడిపక్క రెండు దంతాల మధ్య సందుంది. తిన్నప్పుడు ఇరుక్కున్నది తీయడానికి మొదలైన అలవాటు, తినకపోయినా పుల్ల ఆడించేదాకా వచ్చింది. ఇంట్లో చీపురు వారం వారం బోడి అవుతుంటే భార్య ఊరుకుంటుందా? "ఇల్లు ఊడవడానికి కొన్నానా, నీ పళ్ళు ఊడవడానికా?" అని తగులుకుంటుంది. ఇవాళ పొద్దున మాత్రం, కట్ట మొత్తం పీకేస్తాడని భయపడిందో ఏమో, తనే ఒక పుల్ల ఏరి, కొలిచి విరిచి, ఆయన చెవి వెనక దోపింది.

రాళ్ళ క్వారీలో ఎముకలు బయటపడిన ఏడాది మూడు రోజుల తట్టపనికి వచ్చాడు. నాలుగోరోజు ఎవరూ పొమ్మనలేదు. ఆయనా అడగలేదు. అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు గానీ రాయడం చేతకాదు. ఏరినవి పెట్టెలో సర్ది మూసినవాడు చీటీ మీద తన గుర్తు వేయాలి. ఆ పెట్టె మళ్ళీ అతను తప్ప ఇంకెవరూ తెరవకూడదు. అదీ ఆ గదిలో కట్టుబాటు. జల్లెడాయన గుర్తు ఒక సున్నా, లోపల ఏడు చుక్కలు. ఆ గుర్తున్న పెట్టె తప్పుందని తిరిగొచ్చింది లేదు. బతుకంతా కలిపి ఆయన చెప్పుకునే గొప్ప ఆ ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ రోజుకు రెండుసార్లు చెప్పుకుంటాడు.

"బాబాయ్!" గుమ్మంలోంచి పిలిచింది మేడమ్. తవ్వకాలకు పెద్ద ఆవిడే. తొమ్మిదేళ్ళ ఎండ ఆమె మొహంలో ఉంది. "మధ్యాహ్నం లారీ వస్తోంది. పందుల ఎముకల పెట్టెలు అరల నిండా పేరుకున్నాయి. పాతవన్నీ క్వారీలో తవ్వడం అయిపోయిన గుంటలో వేసి పూడ్చేస్తున్నాం. మీ గుర్తున్నవి మీరే తెరిచి ఒకసారి చూసెయ్యండి."

"పందికి గుంటే సుఖం మేడమ్. అసలు తవ్వకమే ఆపేస్తారంటున్నారు, నిజమేనా?"

"ఈ నెలాఖరుకి." ఆమె తలుపు ఫ్రేమును గోటితో గీసింది. "అడుగున ఎర్రమట్టి పొరలో రాళ్ళు దొరికాయి కదా, అంచు పదునుగా కొట్టినవి. వాటిని ఏ మనిషీ కొట్టలేదట, నీళ్ళలో దొర్లి అవే పగిలాయట. కొట్టినవాడి ఎముక ఒక్కటైనా చూపించమంటున్నారు పైవాళ్ళు. ఎక్కణ్ణుంచి తేను?"

ఆమె వెళ్ళింది. ఆయన భుజం రుద్దుకున్నాడు. పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. వంగిన పాపం అనుకుని, పాత పెట్టెలు ఒక్కొక్కటీ దించాడు. చివరిది పనిలో చేరిన మొదటి నెలలోది. చీటీ మీద సున్నా కోడిగుడ్డులా వంకరగా ఉంది. దాన్ని చూసి తనలో తనే నవ్వుకున్నాడు.

లోపల పంది దంతాలు. ముసలి పందివి అరిగి చదునైపోతే దేని పన్నో పోల్చడం కష్టం. అవి ఎదురైనప్పుడల్లా కొత్తవాళ్ళు తడబడతారు. వేలితో కలియబెడుతుంటే ఒకటి గోటికి తగిలింది. తిప్పి చూశాడు. పన్నూ వేరూ కలిసేచోట, పక్కపన్ను ఆనుకునే వైపు, సన్నటి గాడి. మట్టి గీతలైతే అడ్డదిడ్డంగా ఉంటాయి. ఇది ఒకే వాలున, బావి గిలక మీద తాడు ఒరిపిడిలా నున్నగా ఉంది.

ఏమీ తోచనప్పుడు చేసే పనే చేశాడు. చెవి వెనక పుల్ల తీసి నోట్లో సందులో పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మెల్లగా పుల్లను బయటికి తీసి ఆ పన్ను గాడిలో ఆనించాడు. కొలిచి చేయించినట్టు కూర్చుంది.

"పంది పళ్ళు కుట్టుకోదు," అన్నాడు పైకే.

బయట లారీ హారన్ కొట్టింది. చీటీ మీది వంకర సున్నా ఆయన్నే చూస్తోంది. మూత వేసేస్తే ఎవరికీ తెలియదు. తప్పూ పూడిపోతుంది, గొప్పా మిగులుతుంది. మూత చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ ఒక ప్రశ్న పంటి సందులో పీచులా ఇరుక్కుంది. వాడి పంట్లో ఏం ఇరుక్కుని ఉంటుంది? మాంసమా, దుంపా? చాల్లే ఆపమని పక్కన ఎవరైనా సణిగేవారా? మూత వేస్తే ఇవన్నీ గుంటలోకి పోతాయి. అది మాత్రం ఆయనవల్ల కాలేదు.

పన్ను అరచేతిలో పెట్టుకుని మేడమ్ బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"తప్పు చేశానమ్మా. మనిషిని తీసుకెళ్ళి ముప్పై ఒక్కేళ్ళు పందుల్లో పడుకోబెట్టాను."

ఆమె మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తల ఎత్తకుండానే అడిగింది. "మీకెలా తెలిసింది?"

ఆయన నోరు తెరిచాడు. ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక టార్చి తీసింది.

"ఇంకొంచెం తెరవండి."

"దవడ ఊడి నీ బల్లమీద పడుతుంది తల్లీ. దాన్ని కూడా పెట్టెలో పెడతావు."

ఆమె నోట్లోకి చూసింది, పన్ను చూసింది, మళ్ళీ నోట్లోకి చూసింది. పుల్ల ఒరిసి అదే చోట గాడి. అదే వాలు.

"ఏ పొర బాబాయ్?"

"చీటీలో ఉంది. అడుగు ఎర్రమట్టి."

ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఒక్క పన్నుతో తేలదు. పదిమంది చూడాలి, అందులో తొమ్మిదిమంది కాదనాలి. అయినా ఇది చూశాక గుంట మూయమని ఎవరూ అనలేరు. ఇరవై లక్షల ఏళ్ళ కిందటిది కావచ్చు. మనిషి అని పిలవదగ్గవాళ్ళలో మొదటివాళ్ళు."

"ఏం ఇరుక్కుందంటావు?"

"అది మాత్రం దొరకదు బాబాయ్."

"మాంసం పీచే," తేల్చేశాడు ఆయన, అనుభవమున్నవాడిలా. "దుంపలు ఇంతగా సతాయించవు. కాగితంలో నా తప్పు కూడా రాయమ్మా. మొదట పంది అనుకున్నాడని."

"తర్వాత?"

"తర్వాత వాడికీ సందు ఉందని."

ఆమె పకపకా నవ్వి, ఫోను అందుకుని వరండాలోకి పరుగెత్తింది. ఆయన తన బల్ల దగ్గరికి వచ్చాడు. చిన్న పెట్టెలో దూది పరిచి పన్ను పడుకోబెట్టాడు. కొత్త చీటీ, పెన్సిల్ తీసుకున్నాడు. ఎర్రమట్టి పెట్టెలు అరల్లోనే ఉండిపోయాయి, మిగిలిన పందులతో లారీ కదిలింది. ఆ దుమ్ము సద్దుమణిగేదాకా కిటికీలోంచి చూశాడు. భుజం లాగడం చేతిలోకి దిగింది. కాసేపు తల వాల్చితే పోతుంది అనుకున్నాడు.

గంట తర్వాత మేడమ్ రెండు గ్లాసుల టీతో వచ్చింది. ఆయన మోచేతి మీద తల పెట్టుకుని, పన్నును పక్కనుంచి పరీక్షగా చూస్తున్నట్టు ఉన్నాడు. "తవ్వమన్నారు బాబాయ్!" అంది. మళ్ళీ పిలిచింది. మూడోసారి గ్లాసులు కింద పెట్టి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. నోరు ఏదో అడగబోయినట్టు కొంచెం తెరిచి ఉంది.

చీటీ మీద సున్నా ఈసారి గుండ్రంగా కుదిరింది. లోపల ఆరు చుక్కలున్నాయి. దూది మీద పన్ను, దాని పక్కనే పొద్దున భార్య కొలిచి విరిచిన చీపురుపుల్ల. నమిలిన కొన ఇంకా తడి ఆరలేదు.