ఐదో కోడు

మంగలి కుర్చీకి ఎదురుగోడ మీద కొత్త సినిమా పోస్టరు అంటించారు. మూడో తరగతితో ఆగిన చదువు నాది. కూడబలుక్కుని చదివాను. 'ఐదో కోడు'. మళ్ళీ చదివాను.

"మంచానికి నాలుగే కదరా కోళ్ళు, ఐదోది ఎక్కణ్ణుంచి ఊడిపడింది?" అన్నాడు బెంచీ మీది టైలరు.

"అదే వేదాంతం. నాలుగు కోళ్ళు ఒళ్ళు, ఐదోది ప్రాణం." నా తల మీద మంగలి కత్తెర ఆగలేదు.

"నీ మొహం! ఇల్లరికపుటల్లుడై ఉంటాడు. మోయడు, కదలడు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"పెద్దాయనా, మంచాలు అల్లేవాడివి, నువ్వు చెప్పు" అన్నాడు మంగలి.

ఆ పేరు మా ఇంట్లో నా తమ్ముడిది. నేను పైన కూర్చుని నులక అల్లుతుంటే వాడు మంచం కింద వెల్లకిలా పడుకుని తాడు కొస అందించేవాడు. "నాలుగు కోళ్ళూ ఊగినా నా ఐదో కోడు ఊగడు" అనేవాడు నాన్న. బయటివాళ్ళకి తెలియని పేరు.

వాడు పోయి నలభై రెండేళ్ళు. పని మానేసి పాటలు రాస్తున్నాడని కాగితాలన్నీ పొయ్యిలో పెట్టాను. మర్నాడే ఇల్లు వదిలాడు. ఇరవై రోజులకి కాలువలో శవం తేలింది. మొహం ఆనవాలు లేదు. పోలీసులు చెయ్యి చూపించారు. కుడి చూపుడువేలి మీద తాడు ఒరిసి పడిన గాడి. అది మా పనివాళ్ళకే పడుతుంది. "మావాడే" అన్నాను. నా చేతులతోనే పూడ్చాను.

"పాట వింటే తేలిపోతుందిలే" అని మంగలి ఫోన్లో పెట్టాడు.

"కింద పడుకుని తాడందించినవాణ్ణి,
కోడు విరిగిందని ఇల్లంతా ఏడ్చింది.
కిటికీలోంచి నా చావు నేనే చూశాను,
ఇక ఏ కాళ్ళతో గడప దాటను?"

"దయ్యం సినిమారోయ్!" అన్నాడు టైలరు.

"ఆత్మరా అది. ఎంత లోతుందో చూడు!"

లోతేం లేదు. ఆ శవాన్ని పూడ్చిన రోజున వాడు తిరిగొచ్చాడు. కాగితాలు కాల్చిన నేనే గుండెలు బాదుకుంటుంటే కిటికీలోంచి చూశాడు. చూసి వెళ్ళిపోయాడు. బతికే ఉన్నాడు.

సగం తలతోనే లేచాను.

"ఇదేంటి, మిగతా సగం ఎవరికిస్తావ్?"

"పాట ఎవరు రాశారు?"

మంగలి పోస్టరు దగ్గరికెళ్ళి చూశాడు. "ఏదో కలం పేరు. కింద సినిమా కంపెనీ అడ్రసుంది."

"ఉత్తరం రాయి."

మంగలి నోరెళ్ళబెట్టాడు. ఇరవయ్యేళ్ళలో నేను వాడితో ఇరవై మాటలు ఆడి ఉండను. టైలరు చప్పుడు చెయ్యకుండా బిల్లు పుస్తకం, పెన్ను అందించాడు.

"మొహం చూడలేదు, వేలు చూశాను. తప్పు నాది. అప్పట్నుంచీ పైన అల్లేదీ నేనే, కిందికి దూరి తాడు అందుకునేదీ నేనే. అలా రాయి."

రాస్తున్నాడు. అప్పుడు తట్టింది నాకు. బెంచీ మీద కూలబడ్డాను. మరి నేను పూడ్చింది ఎవర్ని? ఆ గాడి పడ్డ వేలు ఏ ఇంటిది? ఏ అన్న ఇంకా ఎదురుచూస్తున్నాడు?

"ఇంకేం రాయను పెద్దాయనా?"

"రమ్మని రాయి. మంచాలల్లే ఇళ్ళన్నీ తిరిగి అడగాలి. నేనొక్కణ్ణే ఆ గడపలు ఎక్కలేనని రాయి."