ముట్టుకోమని చెప్పే ఉద్యోగం

తడిగుడ్డతో ఎద్దు వీపు తుడుస్తూ, తోక దగ్గరికి వచ్చేసరికి మునిరాజు చేయి వెనక్కి తీసుకున్నాడు. ట్రాక్టరు మడ్‌గార్డులు, సైకిలు చక్రాలు, పాత చీరలు కలిపి చేసిన ఎద్దు అది. తోక లాగితే కడుపులో గంటలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. పక్కనే అల్యూమినియం గిన్నెల కోడి. పిడి తిప్పితే కొయ్యగుడ్డు దొర్లి వస్తుంది. కోడి రెక్కలు కూడా తుడిచి, నీలం సెక్యూరిటీ టోపీ తలకు పెట్టుకుని, ఎడమ భుజం నొక్కుకుంటూ తలుపులు తెరిచాడు.

హోసూరులో పాత గోడౌను ఒకటి అద్దెకు తీసుకుని తనూజ ఈ బొమ్మలన్నీ పెట్టింది. ఫ్యాక్టరీలో డిజైను పనికని గుంటూరు నుంచి వచ్చి, అది మానేసి బొమ్మల్లో పడిన మనిషి. కాపలా పనికి చేరిన రోజునే మునిరాజుతో చెప్పింది: "ఇక్కడ మీ పని ఒక్కటే అన్నా. వచ్చినవాళ్ళని ముట్టుకోమని చెప్పాలి."

తప్పుగా విన్నాననుకున్నాడు అతను. సొంతూరు బేరిగైలో అన్నదమ్ములకు చాలని చేను వదిలి వచ్చిన నాటి నుంచి అతను నిలబడింది ఫ్యాక్టరీ గేట్ల దగ్గరే. ఆగు, పాస్ చూపించు, ఆ పక్క పోకూడదు. ఈ మాటలతోనే తల నెరిసింది. ఒకసారి కూతురు పవిత్ర, చిన్నపిల్ల, తల్లితో కలిసి అన్నం క్యారియర్ తెచ్చి, లోపలి మిషన్లు చూస్తానంది. "యాడికి? ఈడే నిలబడు" అని చేయి అడ్డం పెట్టాడు. ఆ చేతి కింద నుంచే మెడ చాచి చూసింది పిల్ల. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. తరువాత తల్లి చనిపోయింది. పవిత్ర పెళ్ళయి కావేరిపట్టణంలో ఉంటోంది.

మొదటి వారం 'ముట్టుకోండి' అన్న మాట అతని నోట రాలేదు. ఇప్పుడు మాత్రం గుమ్మంలో ఎవరు తటపటాయించినా తనే ఎదురు వెళ్తాడు.

మధ్యాహ్నం పూలమ్మే పుట్టమ్మ ఎండకు తాళలేక తలుపు నీడన నిలబడింది.

"లోపలికి రామ్మా. ముట్టొచ్చు, ఏం కాదు."

"ఇరిగిపోతే?"

"ఇరిగితే మళ్ళా చేస్తారు. లాగు."

ఆమె గంప దించి, రెండు వేళ్ళతో తోక లాగింది. గంటలు మోగాయి. పుట్టమ్మ ఉలిక్కిపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

"నువ్వు దినామూ లాగుతావేమో కదప్పా?"

"నేనా?" మునిరాజు తన చేతుల వంక చూసుకున్నాడు. "నేను డ్యూటీలో ఉండాను కదమ్మా."

"డ్యూటీలో ఉంటే చేతులుండవా?"

ఆమె వెళ్ళాక చాలాసేపు ఆ మాట అతన్ని వదల్లేదు. భుజం నొప్పి మోచేతి దాకా దిగింది. కూతురికి ఫోను చేశాడు.

"రేపటితో ఈ బొమ్మల ఎగ్జిబిషన్ అయిపోతుంది పవిత్రా. పాపను పిల్చుకోని రా. నువ్వూ చూడాల. నేనే అన్నీ చూపిస్తాను."

"ఎన్నడూ పిలవనోడివి! వస్తాము నాయనా. నువ్వు బాగుండావా?"

"బాగుండాను. తప్పకుండా రా."

సాయంత్రం జనం పలచబడ్డారు. లోపలి గదిలో పెట్టెలు సర్దుకుంటున్న తనూజకు గంటలు వినిపించాయి. ఆగాయి. మళ్ళీ మోగాయి, ఈసారి ఇంకా గట్టిగా. ఎవరో పిల్లలు వచ్చినట్టున్నారని నవ్వుకుని పనిలో పడింది.

పని ముగించుకుని ఆమె బయటికి వచ్చేసరికి మునిరాజు ఎద్దు వెనక కాలికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుంది. "అన్నా" అంది. భుజం మీద చేయి వేసింది. ఆ తరువాత వచ్చిన డాక్టరు గుండె ఆగిపోయిందన్నాడు.

మర్నాడు పవిత్ర చెప్పినట్టే పాపను తీసుకుని వచ్చింది, కానీ బేరిగైకి. అక్కడ అన్నీ ముగిశాక, తండ్రి సామాన్ల కోసం గోడౌనుకు వచ్చింది. బొమ్మలు చాలావరకు విప్పేసి పెట్టెల్లో పెట్టారు. ఎద్దు ఒక్కటే మధ్యలో నిలబడి ఉంది.

"దీన్ని ఎందుకు విప్పలేదక్కా?"

తనూజ ఎద్దు కొమ్ము వైపు చూపించింది. "ఆ రోజు ఆయనే తగిలించారమ్మా. తియ్యడానికి నాకు చేతులు రాలేదు."

పవిత్ర తలెత్తి చూసింది. ఎద్దు ఎడమ కొమ్ముకు ఒక పక్కగా, పెళ్ళికొడుకు తలపాగాలాగా వాల్చి తగిలించిన నీలం సెక్యూరిటీ టోపీ. దాని అంచున ఎండిన చెమట ఉప్పుగీతలా తెల్లగా మెరుస్తోంది.