ఈల కోసం పెట్టించిన పళ్ళు

ఆ ఉదయం మా మీద ఆకాశం తెల్లగానే ఉంది. ఎగువన మాత్రం మబ్బు నల్లగా దిగి గుట్టలను కప్పేసింది.

నేను ఒక కట్టుడు పళ్ళ సెట్టును, పై వరుసను. మైనంలో అచ్చుపడి, గులాబి రంగు చిగురు తొడుక్కుని, గొర్రెలు కాసే బీరయ్య నోట్లోకి వచ్చాను. అందరూ తినడానికి పళ్ళు పెట్టించుకుంటారు. బీరయ్య ఈల కోసం పెట్టించుకున్నాడు. పళ్ళు పోయాక ఆయన ఈల వట్టి గాలైపోయింది. మంద తల కూడా ఎత్తేది కాదు. ఆ మందే ఆ ఇంటి బతుకు.

"రాత్రి తీసి సల్లనీళ్ళల్ల పెట్టు తాతా. వేడినీళ్ళు తగిలితే వంకరవోతయి. చిగుళ్ళు కూడా తోముకోవాలె," అంది డాక్టరమ్మ.

"పళ్ళు లేని చిగుళ్ళకు తానమేంది బిడ్డా!" అని నవ్వాడు. చిగుళ్ళూ తోమలేదు, నన్నూ తోమలేదు.

ముందురోజు ఆయన భార్య సాయవ్వ ఆ కంపు భరించలేక నన్ను మరిగే నీళ్ళలో వేసింది. అరుద్దామంటే నాకు నోరు లేదు. ఉన్నది ఆయన నోరే. వంగిపోయాను. ఆ సంగతి ఆమె బీరయ్యకు చెప్పలేదు.

మధ్యాహ్నం మంద వాగు నడుమ గడ్డిదిబ్బ మీద ఉండగా ఎగువ నుంచి ఎర్రని వరదనీళ్ళు వచ్చాయి. వాగు ఒడ్డున నిలబడి బీరయ్య ఈల వేయబోయాడు. నేను జారి నాలుక మీద పడ్డాను. ఇంకోసారి ఊదితే వాగులోనే! భయంతో బిగుసుకుపోయాను.

సద్ది తెచ్చిన సాయవ్వ గట్టు మీది నుంచి అరిచింది. "ఊదయ్యా! దిబ్బ మునుగుతాంది!"

"ఊదితే పళ్ళే ఊడొస్తున్నయే! నిన్నటిదాకా మంచిగనే ఉండె!"

"నేనే... కంపు కొడ్తున్నయని ఉడకబెట్టిన."

"పప్పనుకున్నవా?"

రెండు వేళ్ళు నోట్లో పెట్టి నన్ను అంగిటికి నొక్కిపట్టాడు. నా అంచు ఆయన చిగురును కోసింది. రక్తం తగిలింది. నొక్కు వదిలితే నేను పోతాను, నేను పోతే మంద పోతుంది. ఈల చీలిపోయి, కీచుమంటూ వచ్చింది.

ముసలి గొర్రె చెవులు నిక్కించింది. గట్టు వైపుగా నీళ్ళలోకి దిగింది. దాని వెనకే మంద. కొట్టుకుపోతున్న చివరి పిల్లను సాయవ్వ నడుంలోతు నీళ్ళలోకి దిగి, మెడ పట్టి లాక్కొచ్చింది.

గట్టు మీద బీరయ్య నోరు పుక్కిలించి, వేలితో చిగుళ్ళు మెల్లగా తోముకున్నాడు. సాయవ్వ సద్దిగిన్నె మూతలో తాగేనీళ్ళు పోసింది. చల్లగా ఉన్నాయో లేదోనని వేలు ముంచి చూసింది. అప్పుడు నన్ను అందులో ఉంచింది. జొన్నరొట్టె తుంచి, మజ్జిగలో మెత్తగా పిసికి ఆయన ముందుకు జరిపింది.

ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. మూతలో నీళ్ళు కదిలినప్పుడల్లా, మరుగుతున్నాయేమోనని నేను ఉలిక్కిపడుతూనే ఉన్నాను.