పసుపు హెల్మెట్

హిందీ మాట్లాడే మా ఉక్కు పట్నంలో, సెక్టర్ 2 మార్కెట్ గోడకి గత నెల ఒక పోస్టరు అంటించారు. వచ్చేపోయేవాళ్లు ఆగి ఫోన్లలో ఫొటో తీసుకున్నారు. స్ప్రే రంగుల్లో ఒక నడివయసు కార్మికుడు. చేతిలో మైకు, మెడలో గొలుసుకు బదులు గేటు పాసు, తలమీద నిగనిగలాడే పసుపు హెల్మెట్. కింద వంకీల అక్షరాల్లో, "హెల్మెట్ పహనో, భాయ్", అంటే హెల్మెట్ పెట్టుకో తమ్ముడూ అని. కార్మికుల భద్రత కోసం హిప్‌హాప్ పండగట. ఎంత మంచి పని చేస్తున్నారు కుర్రాళ్లు అనుకున్నారందరూ. నేనూ అనుకున్నాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను.

ఆ బొమ్మలోని మనిషి సింహాద్రి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఊరి చివర ఒక ప్రైవేటు మిల్లులో కాంట్రాక్టు కూలీగా చేరాడు. మొన్న వేసవిలో పైనుంచి ఇనుప ముక్క తలమీద పడి చనిపోయాడు. అప్పుడు అతని తలమీద ఉన్నది తువ్వాలు. అక్కడ కూలీలెవరికీ హెల్మెట్ ఇచ్చిన పాపాన పోలేదు. మిల్లువాళ్లు మాత్రం "ఇచ్చిన హెల్మెట్ పెట్టుకోలేదు" అని కాగితంలో రాసి పారేశారు. తప్పు చచ్చినవాడిదే అయింది. ఆ ఒక్క వాక్యం కొట్టేయించాలని అతని భార్య సింహాచలమ్మ నాలుగు నెలలుగా లేబర్ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది.

బొమ్మ వేసింది వాళ్ల కొడుకు సతీష్‌కుమార్. కోహ్కా బస్తీలో స్నేహితులతో ర్యాప్ పాడతాడు, పోస్టర్లు వేస్తాడు. తండ్రి టిఫిన్ డబ్బా మీద వేసే దరువుకే వాడు మొదట మాటలు కట్టాడు. అందుకే తండ్రిని ర్యాపర్‌గా గీశాడు. తలకి తువ్వాలే చుట్టాడు.

పండగ నడిపే కృష్ణమోహన్ ఆ బొమ్మని మెచ్చుకుని తీసుకెళ్లాడు. రెండు రోజులకి మళ్లీ వచ్చాడు.

"తువ్వాలు తీసేసి హెల్మెట్ పెట్టాలట, సతీష్. స్పాన్సర్ మాట. లేకపోతే వేరేవాళ్ల పోస్టర్ తీసుకుంటారు."

"స్పాన్సర్ కౌన్ హై, భయ్యా?"

"ఎవరైతే ఏంటి? మీ నాన్న ఊరంతా కనిపిస్తాడు."

సతీష్ రెండోసారి అడగలేదు. అక్కడే వాడు తప్పు చేశాడు. పసుపు రంగు డబ్బా తీసుకున్నాడు.

పోస్టరు గోడకెక్కిన తర్వాతి సోమవారం లేబర్ ఆఫీసులో విచారణ. మిల్లు మేనేజరు ఆ పోస్టరు తెచ్చి బల్లమీద పరిచాడు. అడుగున స్పాన్సర్ల వరసలో మిల్లు పేరుంది. "మేం హెల్మెట్ ఇస్తామని కన్నకొడుకే బొమ్మ వేసి చూపించాడు సార్. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అన్నాడు హిందీలో. ఆఫీసరు తలూపి ఫైలు మూసేశాడు. ఆ వాక్యం అలాగే ఉండిపోయింది.

బయట మెట్ల మీద కూలబడి సతీష్ ఏడ్చాడు. "నాకు తెలీదమ్మా. నాన్నకి నామ్ రావాలని వేశాను."

సింహాచలమ్మ వాణ్ని కసరలేదు. బల్లమీంచి తెచ్చుకున్న పోస్టరు మీద ఆ పసుపు రంగుని వేలితో రుద్ది చూసింది. అది పోలేదు.

"బతికున్నప్పుడు ఆళ్లు ఇవ్వని టోపీ, సచ్చినాక నువ్వెట్టినావేట్రా," అంది. కొంగుతో వాడి మొహం తుడిచింది. "పేదోళ్ల కోసం బొమ్మలెయ్యి, పాటలు పాడు, నానేటీ వద్దన్ను. గానీ సంపినోడు సెప్పినట్టు సచ్చినోడి బొమ్మ ఎప్పుడూ ఎయ్యకు."