మూడోసారికి పచ్చదీపం

మా మేనేజరు ముక్కు పగలగొట్టింది నేనే. ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. మీటింగు గది గాజు తలుపు మీద రక్తం చిమ్మింది. నిజం చెప్పొద్దూ, నాకు కసి తీరినట్టయింది.

నాలుగు నెలల క్రితం అదే గదిలో అంచనా కాగితం ఆయన ముందు పెట్టాను. రేకులు కోసే యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మాది. అప్పటిదాకా మనుషులు చేత్తో చేస్తున్న రెండువందల నలభై పరీక్షలను ఇకమీదట ప్రోగ్రాములే చేసెయ్యాలి. కాగితంలో రెండే వరుసలు. ప్రోగ్రాములు రాయడానికి నలభై రోజులు. తప్పిన పరీక్షలు ఎందుకు తప్పాయో వెతకడానికి ఇరవై.

ఆయన రెండో వరుసను అడ్డంగా కొట్టేశాడు.

“సరిగ్గా రాస్తే తప్పేవేం ఉంటాయి? తప్పులకి ముందే ముహూర్తం పెట్టుకుంటావా?”

“రాయడం ఎవరైనా రాస్తారు సార్. వెతకడానికే టైం పడుతుంది.”

“నలభైలో చేస్తావా, ఇంకొకరికి ఇవ్వనా?”

కాఫీ కప్పు నేలకేసి కొట్టాను. నోటికొచ్చింది అరిచాను. ఆ తర్వాత బుద్ధిగా సంతకం పెట్టాను. నా ప్రతాపమంతా అప్పట్లో పింగాణీ మీదే.

ముప్పై ఎనిమిదో రోజున ఒక పరీక్ష మొండికేసింది. యంత్రం నడుస్తుండగా కత్తికి అడ్డంగా ఉండే జాలీ తలుపు తెరిస్తే కత్తి తక్షణం ఆగాలి. ఒక్కోసారి ఆగేది, ఒక్కోసారి ఆగేది కాదు. తప్పు నా ప్రోగ్రాముదో యంత్రానిదో తేల్చడానికి తక్కువలో తక్కువ నాలుగు రోజులు కావాలి. ఉన్నవి రెండు. అందుకని ఒక చిన్న వాక్యం చేర్చాను. తప్పితే మూడుసార్ల దాకా మళ్ళీ చెయ్యి, ఒక్కసారి నెగ్గినా పాస్ అని రాయి. మూడోసారికి తెరమీద పచ్చదీపం వెలిగింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ యంత్రం మా అక్క మొగుడు పనిచేసే ఫ్యాక్టరీకే వెళ్ళింది.

“నువ్వు చూసిన మెషీనే కదా బామ్మర్దీ. ఇంక కళ్ళు మూసుకుని చెయ్యి పెడతా,” అని బావ అన్నం తింటూ నవ్వాడు. నేనూ నవ్వాను. గొంతుదాకా వచ్చిన మాటను ముద్దతో కలిపి మింగేశాను.

నిన్న పగలు ఇరుక్కున్న రేకు తియ్యబోయి బావ తలుపు తెరిచాడు. కత్తి ఆగలేదు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగి రేకుల మధ్య పడింది.

అందుకే ఈ రోజు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి మేనేజరును కొట్టాను. ఆయన నేలమీంచి లేవకుండానే, ముక్కు పట్టుకుని మాట్లాడాడు.

“ఇరవై రోజులు కొట్టేసింది నేనే. రాత్రి నీ ప్రోగ్రాము తెరిచి చూశాను. మూడుసార్లు చెయ్యమని రాసిందెవరు? ఆగట్లేదని నాకొక్క మాట చెప్పావా?”

రెండో దెబ్బకు ఎత్తిన పిడికిలి దానంతటదే విడిపోయింది.

అక్కడి నుంచి సరాసరి ఆస్పత్రికి వెళ్ళాను. అక్క ఎదుటే బావకు అంతా చెప్పేశాను. ఆయన కట్టు కట్టిన మొండి చేతి వైపు చూశాడు.

“మూడుసార్లా,” అన్నాడు. “నేను తలుపు ఒక్కసారే తీశాను రా. రెండోసారి తియ్యడానికి చెయ్యేది?”

అక్క మంచం పక్కనున్న స్టీలు ఫ్లాస్కు అందుకుని నా మొహం మీద కొట్టింది. పెదవి చిట్లింది. మళ్ళీ ఎత్తింది. నాకు రెండు చేతులూ ఉన్నాయి. అడ్డం పెట్టుకోవడానికి సిగ్గేసింది.